పడవ మోటారుకు దాహమేస్తే



మీలో చాలామంది తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున నిలబడి, పడవలు వేటకు బయలుదేరడం చూసే ఉంటారు. నలుగురు మనుషులు భుజం పట్టి పడవను నీటిలోకి తోస్తారు. కెరటం వెనక్కి తీసే సమయం కనిపెట్టి ఒకాయన ఇంజను తాడు లాగుతాడు. ఇంజను అందుకుంటుంది. మూడు నాలుగు కెరటాలు దాటి పడవ లోతు నీటిలో పడుతుంది. అప్పుడొకసారి ఆ ఇంజను పక్కకు చూడండి. అక్కడినుంచి చిటికెన వేలంత కూడా లేని సన్నని నీటిధార ఒకటి సముద్రంలోకి పడుతూ ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లు ఇంజను ఎక్కడో కారుతోందనుకుంటారు. అది కారడం కాదు. ఇంజను క్షేమంగా ఉన్నదని చెప్పే గుర్తు. ఈవేళ ఆ నీటిధార ఎక్కడినుంచి వచ్చింది, మన ఒడ్డుకు ఎలా చేరింది, అది ఆగిపోతే ఏం చెయ్యాలి అన్న సంగతులు మీతో ముచ్చటిస్తాను.

నేను బడిపంతులును. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకునే గంజాం జిల్లా తీరంలో పాఠాలు చెబుతున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ రోజున పటంమీద గీత మారింది గాని, ఒడ్డు మారలేదు, ఒడ్డున ఉన్న మనుషులూ మారలేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వచ్చి గోపాలపూరులోనూ, పూరీ పెంటకోటలోనూ స్థిరపడిన మన మత్స్యకారులను ఒడియావారు నోళియాలంటారు. పూరీకి వచ్చిన యాత్రికుల చెయ్యి పట్టుకొని సముద్రస్నానం చేయించింది వీరే. రంగూను స్టీమరు గోపాలపూరు దగ్గర దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకులనూ మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఓడకు చేర్చింది వీరే.

ఆ మసూలా పడవకు ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుడతారు. ఎందుకంటే ఈ ఒడ్డున కెరటం గట్టిగా కొడుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవ పగిలిపోయే చోట, కుట్టిన పడవ కొంచెం వంగి, దెబ్బ కాచుకొని, ఒడ్డెక్కుతుంది. అలాగే కర్రదుంగలు కట్టిన తెప్ప. దానిమీదికి నీరెక్కినా సందుల్లోంచి దిగిపోతుంది. మన పెద్దలకు పుస్తకం రాకపోవచ్చు. ఈ ఒడ్డుకు ఏ పడవ నప్పుతుందో మాత్రం బాగా తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక మోటారు సంగతి. అది మన ఒడ్డు కోసం పుట్టింది కాదు. పడవ వెనక తగిలించి, పని అయ్యాక తీసేసుకునే మోటారును 1881లో ఫ్రాన్సులో గుస్తావ్ త్రూవే అనే ఆయన సెన్ నది మీద నడిపి చూపించాడు. అది విద్యుత్తుతో నడిచింది కనుక మంట లేదు, మంట వేడీ లేదు. పెట్రోలుతో నడిచే మోటారు అమెరికాలో వచ్చింది. 1905లో కామెరాన్ వాటర్‌మన్ అనే యువకుడు మోటారు సైకిలు ఇంజనును పడవకు తగిలించి డెట్రాయిట్ నదిలో పరీక్షించాడు. చిక్కు అక్కడే మొదలయింది.

మోటారు సైకిలు ఇంజనును చల్లబరిచేది గాలి. బండి ఎంత వేగంగా పోతే అంత గాలి తగులుతుంది. పడవకు ఆ వేగం ఎక్కడిది? ఇంజను పూర్తి బలంతో తిరుగుతూ ఉంటుంది, పడవ మాత్రం నెమ్మదిగా కదులుతుంది. పైగా ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో సుమారు మూడోవంతుకు మించి పనికి రాదు. మిగతాదంతా వేడే. సిలిండరులో మండే వాయువుల వేడి ఒక్కొక్క క్షణం 2,000 డిగ్రీల దాకా పోతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అంటే ఆ వేడిని ఎప్పటికప్పుడు ఎవరో మోసుకుపోకపోతే ఇంజను తన మంటలో తానే మాడిపోతుంది. దీనికి దొరికిన ఉపాయం చాలా తేలికైనది. పడవ కింద కావలసినంత నీరుంది కదా! ఆ నీటినే తోడి, సిలిండరు చుట్టూ తిప్పి, మళ్లీ అందులోనే వదిలేస్తే సరి.

1909లో ఓలే ఎవిన్‌రూడ్ తయారుచేసిన మోటారుతో ఈ పద్ధతి ఊరూరా పాకింది. ఆయన నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వలస వెళ్లిన మనిషి. ఇనుముతో, ఇత్తడితో చేసిన ఆ మోటారు బరువు 62 పౌనులు, అంటే 28 కిలోలు. బలం ఒకటిన్నర హార్సుపవరు. అమెరికాలోనూ నార్వేలోనూ చేపలు పట్టేవాళ్లు దాన్ని ఆదరించారు. ఆ పేరుమీద మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది గాని, పద్ధతి నేటికీ అదే.

ఆ పద్ధతి ఇది. ప్రొపెల్లరుకు కొంచెం పైన, నీటిలో మునిగి ఉండే భాగంలో జల్లెడలాంటి కన్నాలుంటాయి. వాటిలోంచి నీరు లోపలికి వస్తుంది. ఆ పైన చిన్న గిన్నెలాంటి పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఇంపెల్లరు అంటారు. అది నీటిని పైకి నెడుతుంది. నీరు సిలిండరు చుట్టూ తిరిగి వేడిని పట్టుకొని, పొగతోపాటు కిందికి దిగిపోతుంది. అందులో కొద్దిపాటి నీటిని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి వదులుతారు, నడిపేవాడికి కనబడాలని. మనం ఇందాక చూసిన ధార అదే.

ఈ రబ్బరు రెక్కల దగ్గర ఒక రహస్యం ఉంది. వాటికి నీరే నూనె. నీరుంటే ఏళ్లు తిరుగుతాయి. నీరు లేకుండా అరనిమిషం తిరిగినా ఒరుసుకొని కాలిపోతాయి.

మన దేశంలో 1953లో కొల్లం దగ్గర నీండకరలో నార్వేవారి సహకారంతో పడవల యాంత్రీకరణ మొదలయింది. ఎవిన్‌రూడ్ పుట్టిన దేశమే కావడం విశేషం. 1979లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యాన బంగాళాఖాత కార్యక్రమం వచ్చింది. మనలాంటి ఇసుక ఒడ్డున దిగే పడవలు ఎలా ఉండాలి, ప్రొపెల్లరును పైకి ఎలా లేపాలి అని ఆంధ్ర, ఒరిస్సా, తమిళనాడు తీరాల్లో వారు ప్రయోగాలు చేశారు. జపానులో యమహా 1960లోనూ, సుజుకీ 1965లోనూ పడవ మోటార్లు మొదలుపెట్టాయి. 1980 దశకంలో జపాను మోటార్లు, ముఖ్యంగా పెట్రోలుతో అందుకొని కిరోసినుతో నడిచేవి, కేరళ తీరాన్ని నింపేశాయి. ఆ దశకంలోనే ప్రభుత్వ సబ్సిడీలతో మన తూర్పు తీరానికీ వచ్చాయి.

వచ్చినందువల్ల మేలు జరగలేదా అంటే, జరిగింది. తెడ్డు వేసి రెక్కలు విరుచుకునే బాధ తగ్గింది. పొద్దుటి చేప పొద్దుటే బజారుకు చేరింది. తుఫాను వస్తోందని ఇదే రేడియో చెబితే, గంటలో ఒడ్డుకు రాగల శక్తి వచ్చింది. కాని ఒకటి గమనించండి. నావ కుట్టడం మనవాళ్లకు తాతలు నేర్పారు. గాలిని చదవడం తండ్రులు నేర్పారు. మోటారు మాత్రం పెట్టెలో వచ్చింది. దానితోపాటు ఒక పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం తెలుగులో లేదు, ఒడియాలోనూ లేదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్లలకు ఉష్ణం పాఠం చెబుతున్నాను. ఇంజను చూపిస్తే పిల్లలకు బాగా అర్థమవుతుందని, వాళ్లను ఒడ్డుకు తీసుకెళ్లాను. నా విద్యార్థి తండ్రి ఒకాయన అప్పుడే పడవను ఇసుకమీదికి లాక్కున్నాడు. ఒకసారి స్టార్టు చేసి చూపించమని అడిగాను. ఆయన కొంచెం సందేహించాడు. మాస్టారు అడిగారు కదా అని తాడు లాగాడు. ఇసుకమీద, ఒక్క చుక్క నీరు లేకుండా ఆ ఇంజను ఒక నిమిషం పైగా తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పాఠం చెప్పుకుంటూ బడికి వచ్చేశాను.

మర్నాడు ఆయనా, ఆయన తండ్రీ, మరో ఇద్దరూ వేటకు వెళ్లారు. సాయంత్రానికి రాలేదు. కార్తీకమాసం. ఈశాన్యపు గాలి గట్టిగా వీస్తోంది. రాత్రంతా ఆడవాళ్లు ఒడ్డున కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అప్పటికి నాకూ కారణం తెలియదు.

మూడోరోజు ఉదయం కబురొచ్చింది. నలుగురూ క్షేమం. దూరాన ఇంజను పట్టేసిందట. ఆ మాసంలో నీటివాటు దక్షిణానికి లాగుతుంది. పడవ కొట్టుకుపోతుంటే, ఆ ముసలాయన తెడ్డుకు టార్పాలిను కట్టి తెరచాప ఎత్తాడు. గాలిని వాలుగా పట్టి, రాష్ట్రం సరిహద్దు దాటి, శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి ఒడ్డుకు పడవను చేర్చాడు. ఆ ఊరివాళ్లు అన్నం పెట్టి, బట్టలిచ్చి పంపారు.

తరవాత మెకానిక్కు పంపు విప్పితే, రబ్బరు చక్రానికి రెక్కలు లేవు. కొన్ని కాలి కరుడుకట్టాయి, కొన్ని విరిగి పైకిపోయి నీటి దారికి అడ్డుపడ్డాయి. “ఈ ఇంజను ఎవరైనా నీళ్లు లేకుండా నడిపారా?” అని అతను అడిగాడు. నాకు నోట మాట రాలేదు. నేనే నడిపించానని చెప్పాను. నా విద్యార్థి తండ్రి నా మొహం చూసి, “మీదే తప్పని అనుకోకండి మాస్టారూ. నీల్లు ఆగిపోనాయని నేనూ సూసినాను. సిన్నదే గదా, ఇంకో కట్ట వల ఏసి పోదారి అనుకున్నాను” అన్నాడు. ముసలాయన మాత్రం వేరేమాట అన్నాడు: “గాలిని సూడ్డం మాకు నేర్పినారు. ఇంజన్ని సూడ్డం మాకెవులు నేర్పినారు బాబూ?”

శ్రోతలారా, నేనీ ప్రసంగం రాయడానికి ఆ ప్రశ్నే కారణం. ఆయన బాకీ నేను పూర్తిగా తీర్చలేను. ఆనాటినుంచి మెకానిక్కుల దగ్గర కూర్చొని నేర్చుకున్నది మీకు చెబుతాను.

ముందుగా, మన ఒడ్డున ఇంజను ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది? ఆ మోటారు పుట్టింది నదుల్లో, చెరువుల్లో. అక్కడ తేటనీరు. మన కెరటాల్లో ఇసుక కలిసి ఉంటుంది. ఒడ్డు దాటిన ప్రతిసారీ కొంత ఇసుక పంపులోకి పోయి రబ్బరును అరగదీస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇంజను ఆగాక లోపల మిగిలిన నీరు ఆరి, ఉప్పు పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఇంటి కుండకు చౌడు పట్టినట్టే. యానాం దగ్గర గౌతమిలోనూ, పులికాట్ సరస్సులోనూ అయితే బురద, నాచు ఎక్కువ. అక్కడ కన్నాలు పూడిపోవడమే మొదటి జబ్బు. ఈమధ్య అన్నిచోట్లా ప్లాస్టిక్ సంచి కూడా తోడయింది.

ఇక ధార ఆగిపోయిందనుకోండి. ఏం చెయ్యాలి?

మొదటిది, ఇంజను వెంటనే ఆపెయ్యాలి. ఇంకో కట్ట వల వేద్దామనుకోవద్దు. నడిచే ప్రతి నిమిషమూ మరమ్మతు ఖర్చు పెంచేదే.

రెండోది, ఇంజనును పైకెత్తి కన్నాలు చూడాలి. సంచి గాని, నాచు గాని, వల ముక్క గాని ఉంటే తీసెయ్యాలి. ప్రొపెల్లరుకు వల చుట్టుకుందేమో చూడాలి. చుట్టుకుంటే ఇంజను బరువు లాగుతుంది, వేడెక్కుతుంది.

మూడోది, ధార వచ్చే రంధ్రంలో దళసరి నైలాను దారం పెట్టి పొడవాలి. ఒక్కొక్కసారి లోపల నీరు బాగానే తిరుగుతుంది, ఆ రంధ్రంలోనే ఇసుకగింజో ఉప్పుబెడ్డో అడ్డుపడుతుంది. అది తొలగితే ధార మళ్లీ వస్తుంది.

ఈ మూడూ చేశాక ఇంజను చల్లారనిచ్చి, నెమ్మదిగా నడిపి చూడాలి. అయినా ధార రాకపోతే ఇంపెల్లరు పోయిందని అర్థం. అది సముద్రంలో బాగయ్యేది కాదు. తెడ్డుకో, తెరచాపకో, పక్క పడవ తాడుకో పని చెప్పాలి. ఇంకొక మాట. కాలిపోతున్న ఇంజనుమీద బకెట్టుతో చన్నీళ్లు కుమ్మరించవద్దు. లోహం ఒక్కసారిగా ముడుచుకొని బీటవారవచ్చు. పట్టేసిన ఇంజను తాడును బలవంతాన లాగవద్దు.

ధార బాగానే వస్తున్నా ఇంజను వేడెక్కుతోందా? అప్పుడు మరో మూడు అనుమానాలున్నాయి. ఒకటి, థర్మోస్టాట్ అనే చిన్న మూత. అది వేడినిబట్టి నీటికి దారి తెరుస్తుంది. ఉప్పు పట్టి మూసుకుపోతే నీరు తిరగదు. రెండు, పెట్రోలులో కలిపే నూనె. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆ నూనే ప్రాణం. చాలా మోటార్లకు 50 లీటర్లకు ఒక లీటరు అంటారు. మీ మోటారుకు ఎంతో కంపెనీవారు చెప్పిన లెక్కే పాటించాలి. నూనె ఖరీదని తగ్గిస్తే, మిగిలిన డబ్బు పిస్టనుకు ఖర్చవుతుంది. మూడు, మోటారు తగిలించిన ఎత్తు. మన నాటుపడవల వెనకచెక్క ఎత్తు ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. చెక్క ఎత్తయితే మోటారు కన్నాలు నీటికి పైన పడి, పంపు నీటికి బదులు గాలి పీలుస్తుంది.

ఇవన్నీ జబ్బు చేశాక చేసే వైద్యాలు. జబ్బు రాకుండా చేసేది ఒకటుంది. వేటనుంచి వచ్చాక మంచినీళ్ల పీపాలో ఇంజను కాలు ముంచి, కన్నాలు పూర్తిగా మునిగాయని చూసుకొని, పదినిమిషాలు నెమ్మదిగా నడపాలి. ఇసుక, ఉప్పు కడుక్కుపోతాయి. ఈమాట నేను మా ఊళ్లో చెప్పినప్పుడు ఒకావిడ నన్ను నిలేసింది. “మాస్టరుగారూ, కుళాయికాడ రెండు బిందెల కోసం జుట్లు పట్టుకుంటన్నాం. ఇంజనుకి పీపాడు నీల్లా?” అంది. ఆమె అన్నది న్యాయమే. మోటారు కంపెనీ పుస్తకంలో ఆ బిందెల లెక్క ఉండదు.

చివరికి ఆవిడే దారి చూపింది. గుడ్డలు జాడించిన ఆఖరి నీళ్లు, సబ్బు లేనివి, వడకట్టి పీపాలో పోస్తున్నారు. వానాకాలంలో కప్పు నీళ్లు పడుతున్నారు. నాలుగు పడవలకు ఒకటే పీపా. ఒకరి తరవాత ఒకరు ఇంజను కడుక్కుంటారు. నీరు వేడెక్కితే చల్లారనిస్తారు. ఉప్పన అయితే, నూనె తేలితే మార్చేస్తారు. ఉప్పునీటికంటే అది వెయ్యిరెట్లు నయం. ఇక ఏటా వేసవి వేటనిషేధం రోజుల్లో, ఇంజను ఒడ్డున ఉన్నప్పుడే, ఇంపెల్లరు మార్పిస్తున్నారు. పాతదానికి రెక్క ఏదైనా విరిగి ఉంటే, ఆ ముక్క దొరికేదాకా నీటిదారి వెతకమని మెకానిక్కుకు చెబుతున్నారు.

ముసలాయన పడవలో ఇప్పుడు రెండు వస్తువులు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి మడతపెట్టిన టార్పాలిను. రెండోది, తాడుకు కట్టిన నైలాను దారం ముక్క. మనవడు ఇంజను దగ్గర కూర్చుంటాడు. ఆయన ముందు కూర్చొని గాలి చూస్తాడు. మధ్యమధ్య వెనక్కి తిరిగి, “ఒరే, ధార పడతందా?” అని అడుగుతాడట.

మసూలా పడవ కుట్టినవాళ్లు ఈ ఒడ్డును చూసి పడవ చేశారు. మోటారు చేసినవాళ్లు ఈ ఒడ్డును చూడలేదు. ఆ లోటు మనమే పూరించుకోవాలి. ఆ లోటు పూరించడానికి పెద్ద చదువు అక్కరలేదు. గాలిని చూసిన కన్నే ఆ సన్నని ధారనూ చూడాలి. పిల్లలకు ఈ రెండూ కలిపి నేర్పాలి. మీ ఇంట్లో వేటకు వెళ్లే మనిషి ఉంటే, ఈ పూట అన్నం దగ్గర ఒక్కమాట అడగండి: ఇంజను పక్కన ధార పడుతోందా అని. ఒడ్డుమీద ఇంజను నడిపి చూపించమని ఎవరైనా అడిగితే, ఆ అడిగినవారు మాస్టారైనా సరే, పీపాలో నీళ్లు పోసేదాకా తాడు లాగవద్దు.